ఏడాది పాసు, నేను కోసేసిన చివరి వాక్యం

ఈ మధ్య మెల్‌బోర్న్ శివారులోని మా టార్నీట్‌లో ఎవరింటికి భోజనానికి వెళ్లినా, కొత్తగా పేరోల్, అంటే జీతాల లెక్కలు చూసే, ఉద్యోగంలో చేరిన పిల్లలు ఒకరిద్దరు కనిపిస్తున్నారు. ఇక్కడి యూనివర్సిటీలో అకౌంటింగ్ చదివి, ఏ గిడ్డంగిలోనో రెండేళ్లు పెట్టెలు మోసి, చివరికి ఆఫీసులో ఒక కుర్చీ సంపాదించుకున్నవాళ్లు. నేను ఇరవై రెండేళ్లు అదే పని చేసి విరమించానని తెలిసి పక్కన వచ్చి కూర్చుంటారు. మొన్న ఒకమ్మాయి ప్లేటు ఒళ్లో పెట్టుకుని అడిగింది: "అంకుల్, అన్నీ సాఫ్ట్‌వేరే చేసేస్తుంది కదా. మనం నొక్కేది ఒక్క బటనేగా?"

బటన్ మాట నిజమే. అది నొక్కేముందు మనం మనుషులకు ఏం చెప్పాం, ఏం చెప్పడం మానేశాం అన్నదే ఉద్యోగం. ఆ సంగతి ఆ అమ్మాయికి పెరుగన్నం అయ్యేలోపు చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

మెల్‌బోర్న్ రాకముందు నేను రాజమండ్రిలో ఒక దినపత్రికలో పదకొండేళ్లు సబ్ ఎడిటర్‌ని. ఇక్కడికి వచ్చాక నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రి పే ఆఫీసులో గుమాస్తాగా చేరి, అక్కడే ముసలివాడినయ్యాను. ఆసుపత్రి పేరుతో పని లేదు. నేను చెప్పబోయేది ఒక రైలు పాసు గురించి, దాని వల్ల ఒక మనిషికి నేను చేసిన అన్యాయం గురించి.

రైలుకూ పన్నుకూ ఏమిటి సంబంధం

ఇంటి నుంచి పనికి వెళ్లడం ఈ దేశపు పన్ను చట్టం దృష్టిలో మీ సొంత వ్యవహారం. రోజూ రెండు గంటలు రైల్లో నిలబడి వెళ్లినా సరే, ఆ టికెట్టు ఖర్చు చూపించి మినహాయింపు అడగడానికి లేదు. పోనీ యజమానే కొనిపెడతాడా అంటే, అలా చేసిన మేలు మీద ఆయన పన్ను కట్టాలి, అదీ అన్నిటికన్నా పై రేటులో. కాబట్టి చాలా కంపెనీల్లో ఏడాది పాసు పథకమంటే, కంపెనీ ఒకేసారి కొని, కొంచెం తగ్గింపు ఇప్పించి, ఆ ధరను పదిహేను రోజులకోసారి జీతంలోంచి పట్టుకోవడమే. అది మంచి బేరం, పన్ను రాయితీ కాదు.

ఆసుపత్రులకూ ధర్మసంస్థలకూ మాత్రం చట్టం ఒక కిటికీ తెరిచి ఉంచింది. వాటిలో పనిచేసేవారు ఏటా ఒక పరిమితి వరకు జీతంలో కొంత భాగాన్ని, పన్ను పడకముందే పక్కకు తీయించి, సొంత ఖర్చులకు వాడుకోవచ్చు. ఇంటద్దె కావచ్చు, రైలు పాసు కావచ్చు. దీన్నే మేం ప్యాకేజింగ్ అనేవాళ్లం. మా నర్సులకు ఏడాది పాసు మీద నిజంగా పన్ను మిగిలేది ఈ కిటికీ వల్లే.

ఇందులో న్యాయం ఉందా అంటే, పూర్తిగా లేదు. మా ఆసుపత్రిలో నేల తుడిచే వాళ్లు కాంట్రాక్టరు మనుషులు. నర్సుతో పాటే రైలెక్కి, అదే స్టేషన్‌లో దిగి, అదే గేటు గుండా లోపలికి వస్తారు. వాళ్లకు ఆ కిటికీ లేదు. ఒకావిడ నా కౌంటర్ దగ్గరికి వచ్చి ఫారం అడిగితే, మీకు వర్తించదమ్మా అని చెప్పాల్సి వచ్చింది. "నేను ఎక్కేది ఆ రైలు కాదా?" అని అడిగి వెళ్లిపోయింది. యజమాని ద్వారా విద్యుత్ కారు తీసుకునేవాడికి పన్ను మాఫీ ఇచ్చిన చట్టానికి, కారు ఇంట్లో వదిలి రైలెక్కేవాడి మీద ఎందుకు దయ రాలేదో నాకు అర్థం కాదు. అయితే పే ఆఫీసులో కూర్చున్నవాడు చట్టాన్ని మార్చలేడు. దాన్ని సరిగ్గా చెప్పగలడు. నా కథంతా ఆ చెప్పడంలోనే ఉంది.

ఆషాఢంలో మొదలయ్యే సంవత్సరం

ఇక్కడ ఆర్థిక సంవత్సరం జూలై ఒకటిన మొదలవుతుంది. మనకు అది చాలాసార్లు ఆషాఢం. ఈ రెండూ తగవుపడతాయని పే ఆఫీసులో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

తెనాలి నుంచి వచ్చిన ఫణి అనే కుర్రాడు మా మందుల విభాగంలో పనిచేసేవాడు. కొత్తగా పెళ్లయింది. జూన్ మొదట్లోనే పాసు ఫారం మీద సంతకం పెట్టి, ఎవరూ వినకుండా కౌంటర్ మీదకు వంగాడు.

"సార్, ఇది ఆషాఢం వెళ్లాక మొదలుపెట్టొచ్చాండీ?"

"స్టేషన్ గేటు దగ్గర కార్డు మొదటిసారి ఏ రోజు తాకిస్తే ఆ రోజు నుంచే ఏడాది లెక్క. మీ ఇష్టం" అన్నాను. నిబంధన ప్రకారం సరైన జవాబే.

అతను ఆ కార్డును దేవుడి గూట్లో పెట్టి, ఆ కొన్ని వారాలూ వేరే కార్డు మీద రోజువారీ ఛార్జీ కట్టి తిరిగాడు. ఏడాది పాసు వల్ల కలిసొచ్చే లాభంలో సగం శ్రావణం రాకముందే ఖర్చయింది. ఒక శ్రావణ శుక్రవారం కుంకుమ బొట్టుతో సహా కార్డు తీసుకుని స్టేషన్‌కు వెళితే, పట్టాల పని ఉండి ఆ రోజు రైలు లేదు, బదులు బస్సు వేశారు.

"ఏమయ్యా, ముహూర్తం?" అన్నాను.

"పోనీండి సార్, కష్టమేదో మొదటిరోజే పోయింది" అన్నాడు.

మేమిద్దరం నవ్వుకున్నాం. మా పై అధికారి మెరిల్ మాత్రం నవ్వలేదు. "ఆ అబ్బాయి అడిగినదానికి నువ్వు జవాబు చెప్పావు. ఎందుకు అడుగుతున్నాడో కనుక్కుని ఉంటే, జూన్‌లోనే తాకించమని చెప్పేవాడివి" అంది. నిజమే. ఆ ఏడు జూన్‌లో మంచి రోజులకు కొదవ లేదు. వినడం నా వృత్తి అనుకునే మనిషికి ఆ మాట గుచ్చుకోవాలి. నాకు గుచ్చుకోలేదు. చిన్న విషయం కదా అనుకున్నాను.

కింద నుంచి చదివే మనిషి

మెరిల్ గురించి చెప్పాలి. నాకన్నా ఆరేళ్లు పెద్దది, పొట్టి మనిషి, టీ కప్పు కింద ఎప్పుడూ ఒక పాత పేస్లిప్ పెట్టేది. ఏ సర్క్యులర్ వచ్చినా పై భాగాన్ని అట్టముక్కతో మూసి, చివరి పేరా నుంచి చదవడం ఆమె అలవాటు. చివరిది అయ్యాక అట్టను కొంచెం పైకి జరిపేది.

మొదట్లో నాకు అది చాదస్తంగా కనిపించేది. పత్రికలో మా పద్ధతి సరిగ్గా తిరగబడి ఉండేది. వార్తలో ముఖ్యమైనది మొదటి పేరాలో ఉండాలి. కిందకు వచ్చేకొద్దీ ప్రాముఖ్యం తగ్గాలి. పేజీలో చోటు చాలకపోతే కింద నుంచి కోయాలి. మా డెస్కు ఇన్‌చార్జి కాపీ చేతిలోకి తీసుకుని, చదవకుండానే చివరి రెండు వాక్యాలు కొట్టేసేవాడు. "విలేకరి చివర్లో రాసేదంతా అలసట" అనేవాడు. పదకొండేళ్లలో ఆయన చెయ్యి నా చెయ్యి అయిపోయింది.

పన్ను నిబంధన అలా రాసి ఉండదు. అందులో మొదటి వాక్యం ఆశ పెడుతుంది. షరతు చివర్లో ఉంటుంది. మెరిల్‌కు ఇది తెలుసు. నాకు చెప్పింది కూడా. విన్నాను, నేర్చుకోలేదు.

ఒక్క పేజీలో పట్టాలి

ఒక ఏడాది మే నెలలో మెరిల్ మోకాలి ఆపరేషన్‌కు సెలవు పెట్టింది. అప్పుడే పైనుంచి కబురు వచ్చింది: ఏడాది పాసు పథకం గురించి సిబ్బందికి ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు, లిఫ్టు పక్కన అంటించడానికి ఒక పేజీ ప్రకటన కావాలి అని. పత్రికలో పనిచేసినవాడిని, నేను రాస్తానని ముందుకు వచ్చాను.

మంచి ప్రకటన రాశాను. ఇప్పటికీ అదే అంటాను. పెద్ద అక్షరాల్లో శీర్షిక, 'పన్ను పడని రైలు పాసు'. కింద ఎలా చేరాలి, ఎంత సులభం, ఎవరిని అడగాలి. చివర్లో ఒక వాక్యం ఉంది: 'ప్యాకేజింగ్ చేసినంత మేరకు మీ పన్ను కట్టే ఆదాయం తగ్గి కనిపిస్తుంది, ఆదాయం రుజువు చేసుకోవలసిన దరఖాస్తు ఏదైనా మీకు ఉంటే, చేరేముందు మాతో మాట్లాడండి.'

ప్రింటు తీస్తే ఆ వాక్యం ఒక్కటే రెండో పేజీలోకి పోయింది. అక్షరాలు చిన్నవి చేస్తే అందం పోతుంది. నేను ఆలోచించను కూడా లేదు. చెయ్యి అలవాటుగా వెళ్లి కోసేసింది. ఒక్క పేజీలో చక్కగా పట్టింది. సాయంత్రానికి అన్ని లిఫ్టుల పక్కనా అంటించారు. మన తెలుగు నర్సుల కోసం తెలుగులో కూడా రాసి వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. 'సూపర్ అంకుల్' అని ముప్పై బొటనవేళ్లు వచ్చాయి.

తెల్లవారుజాము రైలు

అప్పట్లో నేను ఆరు కాకముందు వెళ్లే రైలు ఎక్కేవాణ్ణి. ఆ రైల్లో కూర్చోవడానికి చోటుంటుంది. రోజూ అదే పెట్టెలో స్వప్న ఎక్కేది. మా ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. జగిత్యాల పిల్ల. స్టూడెంటుగా వచ్చి, చదువుకుని, ఇక్కడే ఉండిపోయే పీఆర్ తెచ్చుకుంది. మూడేళ్ల కూతురు ఆద్య. భర్త విడిపోయి సిడ్నీ వెళ్లిపోయాడు. ఆ సంగతి ఆమె ఒకసారి చెప్పింది, నేను మళ్లీ అడగలేదు.

థియేటర్‌లో షిఫ్టు ఏడింటికి. చైల్డ్‌కేర్ తెరిచేది ఆరున్నరకు. ఆ మధ్యలో పిల్లను ఎవరు చూడాలి? వాళ్ల వీధిలోనే ఉండే సరళ ఆంటీ చూసేది. అయిదుంబావుకు స్వప్న నిద్రపోతున్న పిల్లను దుప్పటితో సహా తీసుకెళ్లి ఆమె సోఫాలో పడుకోబెట్టి వచ్చేది. ఆమె ఉద్యోగమంతా ఆ సోఫా మీద నిలబడి ఉంది.

ప్రకటన అంటించిన వారంలో స్వప్న ఫోన్ చూపిస్తూ నా ఎదురుగా కూర్చుంది.

"అంకుల్, గీ పాస్ నేను తీసుకోవచ్చా?"

"తీసుకోవచ్చేమిటమ్మా, తీసుకోకపోతే నష్టం. పాసు ఒక్కటే ఎందుకు, పరిమితి మొత్తం వాడుకో. అద్దె కూడా అందులోంచే కట్టొచ్చు."

"ట్యాక్స్ తగ్గుతదా?"

"బాగా తగ్గుతుంది."

"ఈ ఇయర్ ఫుల్‌టైమ్ అయిన అంకుల్. వీకెండ్స్ గూడ ఎక్స్‌ట్రా షిఫ్ట్స్ చేస్తున్న. అమ్మను తెచ్చుకోవాలె."

"మంచిది తల్లీ, తెచ్చుకో" అన్నాను. తర్వాతి స్టేషన్ గురించో వానల గురించో ఏదో మాట్లాడుకున్నాం.

ఆ సంభాషణను తర్వాత నేను చాలాసార్లు తలచుకున్నాను. అమ్మను తెచ్చుకోవడానికీ ఎక్కువ షిఫ్టులకూ సంబంధమేమిటి అని ఒక్క ప్రశ్న అడగలేదు. ఏ చిన్న ఊరి విలేకరి అయినా అడిగే ప్రశ్న అది.

తగ్గిన ఆదాయం

మరుసటి ఏడాది ఆగస్టులో స్వప్న రైల్లో కాకుండా కౌంటర్ దగ్గరికి వచ్చింది. చేతిలో, ఏడాది ఆదాయం లెక్క తేల్చి పన్ను శాఖ పంపిన నోటీసు ఉంది. థియేటర్ టోపీ తీయకుండానే వచ్చింది.

తల్లిని విజిటర్‌గా రెండుసార్లు తెచ్చుకుంది. ప్రతిసారీ గడువు కాగానే పంపాల్సి వచ్చేది. ఈసారి మూడేళ్లు ఉండే తాత్కాలిక పేరెంట్ వీసాకు పెట్టాలనుకుంది. దానికి స్పాన్సర్ చేసే ఇంటి ఆదాయం ఒక గీత దాటి ఉండాలి. ఆ ఆదాయం అంటే చేతికొచ్చిన జీతం కాదు, పన్ను శాఖ నోటీసులో రాసి ఉండే పన్ను కట్టే ఆదాయం. భర్త లేని ఇల్లు కాబట్టి లెక్కకు వచ్చేది ఆమె ఒక్కదాని ఆదాయమే. ఆ గీత దాటడానికే ఫుల్‌టైమ్‌కు మారింది. ఆ గీత దాటడానికే శని, ఆదివారాలు పిల్లను వదిలి షిఫ్టులు చేసింది. నోటీసులో అంకె గీతకు కింద ఆగిపోయింది. ఎంత కింద అంటే, ఒక ఏడాది పాసు ధర కంటే తక్కువ.

"ఏజెంట్ అన్నడు, ప్యాకేజింగ్ చెయ్యకపోతే క్లియర్‌గా దాటుతుండె అని. ట్యాక్స్ తగ్గితె మంచిదే అన్నరు కద అంకుల్?"

"సరళ ఆంటీ డిసెంబర్‌ల పర్త్ పోతున్నరు. కొడుకు అక్కడ హారిస్‌డేల్‌ల ఇల్లు కొన్నడంట. అప్పటికి అమ్మ వస్తదనుకున్న. ఇప్పుడు నెక్స్ట్ ఇయర్ నోటీస్ దాక అప్లై చేసుడే లేదు. జనవరి నుంచి పిల్లను పొద్దుగాల ఎవరికియ్యాలె? థియేటర్ వదిలేసి మల్ల పార్ట్‌టైమ్ పోతే, నెక్స్ట్ ఇయర్ గూడ గీత దాటది."

ఆమె ఏడవలేదు. లెక్క చెబుతున్నట్టు చెప్పింది. అది ఇంకా కష్టంగా ఉంది.

నేను కంప్యూటర్‌లోంచి ప్రకటన మొదటి ప్రతి తీసి, ప్రింటు వేసి, ఆమె ముందు పెట్టాను. చివరి వాక్యం మీద వేలు పెట్టాను. "ఇది నేనే కోసేశానమ్మా. పేజీలో పట్టలేదని."

ఆమె రెండుసార్లు చదివింది.

"ఒక్క లైనే కద అంకుల్" అంది. "ఉంచితె ఏమైతుండె?"

కాగితం అక్కడే వదిలి షిఫ్టుకు వెళ్లిపోయింది.

ఇక్కడ పుట్టినవాడికి పన్ను కట్టే ఆదాయం ఎంత తక్కువ కనిపిస్తే అంత లాభం. మనలాంటివాళ్లకు అలా కాదు. అదే అంకెను ఒక కార్యాలయానికి చిన్నదిగా, ఇంకో కార్యాలయానికి పెద్దదిగా చూపించాల్సిన అవసరం వలస వచ్చినవాడికే ఉంటుంది. పే ఆఫీసు మొత్తంలో ఆ సంగతి తట్టవలసిన ఒకే ఒక్క మనిషిని నేను. పన్ను తగ్గించుకోవడమే తెలివి అనే గర్వం మనవాళ్లలో ఎంత ఉందో, నాలోనూ అంతే ఉంది.

సవరణ

ఆ రోజు మధ్యాహ్నం మెరిల్ గదిలోకి వెళ్లి ఒక తప్పు మాట అడిగాను. జూన్‌లో ఆఖరి రెండు జీతాల్లో ప్యాకేజింగ్‌ను వెనక్కి తీసి, మామూలు జీతంగా తిరగరాస్తే ఎలా ఉంటుంది అని. ఆ రెండు జీతాలు చాలు, గీత దాటుతుంది.

మెరిల్ కర్ర పక్కన పెట్టి నన్ను కూర్చోమంది. "ఆ డబ్బుతో ఆమె అద్దె కట్టేసిందా?"

"కట్టేసింది."

"అయితే అది జరిగిన సంగతి. జరిగినదాన్ని జరగలేదని రాస్తే, ఆమె దరఖాస్తులో అబద్ధం నువ్వు పెట్టినట్టు. రేపు ఎవరైనా అడిగితే పోయేది నీ ఉద్యోగం కాదు, వాళ్లమ్మ వీసా."

ఉద్యోగంలో చేరుతున్నవాళ్లకు నేను నొక్కి చెప్పే మాట ఒక్కటుంటే ఇదే. మీ తప్పు వల్ల ఎవరైనా బాధపడుతుంటే, ముగిసిన సంవత్సరాన్ని దిద్దాలని చెయ్యి లాగుతుంది. జాలి కూడా అటే నెడుతుంది. దిద్దకండి.

"పత్రికలో తప్పు పడితే మీరేం చేసేవాళ్లు?" అని అడిగింది మెరిల్.

"మర్నాడు సవరణ వేసేవాళ్లం. లోపలి పేజీలో, కనపడనంత చిన్న అక్షరాల్లో."

"నువ్వు పెద్ద అక్షరాల్లో వెయ్యి."

వేశాను. కొత్త ప్రకటనలో పాత చివరి వాక్యం మొదటికి వచ్చింది. దాని కింద, గత ప్రకటనలో ఈ వాక్యం లేదని, దాన్ని తీసేసింది నేనేనని రాసి సంతకం పెట్టాను. తెలుగులోనూ పెట్టాను. ఈసారి బొటనవేళ్లు రాలేదు. ఇద్దరు మనుషులు వచ్చారు. ఇద్దరికీ ఆ ఏడాదిలో దరఖాస్తులు ఉన్నాయి, ఇద్దరికీ ఇంకా సమయం ఉంది. స్వప్నకే లేకపోయింది. ఆమె ఆ వారమే ప్యాకేజింగ్ మొత్తం ఆపించి, పన్ను కట్టిన జీతంలోంచి పాసు కొనుక్కుంది. నేను చూసినవాళ్లలో కోరి ఎక్కువ పన్ను కట్టిన మనిషి ఆమె ఒక్కతే.

మా ఇంటి సోఫా

ఇంట్లో సుభద్రకు చెప్పాను. సుభద్ర నా భార్య. ఆమె వంకాయలు తరుగుతూ విన్నది.

"ఆవిడ డిసెంబర్‌లో వెళ్తే, జనవరి నుంచి పిల్లని మన దగ్గర పడుకోబెట్టమనండి. ఎలాగూ అయిదింటికే గిన్నెలు చప్పుడు చేసి నన్ను లేపుతారుగా మీరు."

ఫోన్ చేస్తే స్వప్న ఒప్పుకోలేదు. "వద్దంకుల్. మీరు బాధపడి చేస్తున్నరు. నాకు మంచిగనిపిస్తలేదు." సుభద్ర నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"చూడమ్మా, నీ పిల్లని చూస్తానని నేనెక్కడన్నాను? నేను చూసేది మా ఆయన చేసిన తప్పుని. దానికి నీ పర్మిషనెందుకు?"

అవతల స్వప్న నవ్వడం వినిపించింది. ఆ ఆగస్టు తర్వాత నేను ఆ నవ్వు వినడం అదే మొదలు.

జనవరి నుంచి ఆద్య మా సోఫా మీదకు వచ్చింది. మొదటిరోజు లేచి మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, "యూ ఆర్ నాట్ సరళ ఆంటీ" అంది.

"కాదు తల్లీ. పాలు తాగుతావా?"

"నో. టోస్ట్."

సుభద్ర తెలుగులో అడగడం, అది ఇంగ్లీషులో బేరమాడడం, అలా తొమ్మిది పది నెలలు గడిచాయి. అది సగం తిని వదిలేసిన టోస్టూ, నెయ్యి వేసిన పప్పన్నం ముద్దలూ పారేయడం ఇష్టంలేక సుభద్రే తినేది. ఆరున్నరకు నేను చెయ్యి పట్టుకుని చైల్డ్‌కేర్‌కు నడిపించి, తర్వాతి రైలు ఎక్కేవాణ్ణి. ఆ రైల్లో కూర్చోవడానికి చోటుండదు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నేను రోజూ ఆలస్యంగా వెళ్లింది ఆ ఏడాదే. మెరిల్ గడియారం చూసి, "రైలు ఆలస్యమా?" అనేది. "అవును" అనేవాణ్ణి. సాయంత్రం అంతసేపు ఎక్కువ కూర్చునేవాణ్ణి. ఆమె ఇంకేమీ అడగలేదు.

ఇంతచేసినా మేం స్వప్నకు ఇవ్వగలిగింది రోజుకు గంటంబావు. కోల్పోయినది, తల్లి పక్కనుండవలసిన ఏడాది. ఆ రెండూ సరిసమానమని నేను ఎవరితోనూ అనను.

జూలైలో కొత్త నోటీసు వచ్చింది. స్వప్న రైల్లో కాకుండా ఇంటికే వచ్చి చూపించింది. గీత దాటింది. స్పాన్సర్‌గా అంగీకారం, తర్వాత వీసా, ఒక్కొక్కటే నవంబరు వరకు పట్టాయి. నా ఉద్యోగంలో ఆఖరి నెల కూడా అదే.

జాకెట్టు

స్వప్న వాళ్లమ్మ పేరు భాగ్యమ్మ. జగిత్యాలలో బట్టలు కుట్టే షాపు ఆమెది. కూతురు వచ్చి ఉండమంటే షాపును పని నేర్పిన అమ్మాయిల చేతుల్లో పెట్టి, కత్తెర ఒకటి పెట్టెలో వేసుకుని వచ్చింది. దిగిన నాలుగో రోజున ముగ్గురూ మా ఇంటికి వచ్చారు. సుభద్ర కోసం ఒక జాకెట్టు కుట్టి తెచ్చింది. స్వప్న జనవరిలోనే ఏదో సాకుతో సుభద్ర దగ్గర తీసుకున్న ఒక పాత జాకెట్టును కొలత కోసం ఇండియా పంపిందట. మాకు తెలియదు.

ఆద్య తిన్నగా వెళ్లి మా సోఫా ఎక్కి, "అమ్మమ్మా, దిస్ ఈజ్ మై బెడ్" అని చూపించింది.

భాగ్యమ్మ సోఫా వైపు చూసి, తర్వాత నా వైపు తిరిగింది.

"నువ్వేనా సారూ, కాయితం కత్తిరిచ్చిన సారువి?"

"అమ్మా" అంది స్వప్న, ఊరుకోమన్నట్టు.

"నేనేనమ్మా" అన్నాను.

"ముప్పై ఏండ్ల సంది కుడుతున్న. మేం గూడ కత్తిరిస్తం సారూ. గని కుట్టు అవుతల రెండు వేళ్ల గుడ్డ లోపట ఇడుస్తం. పైకి కనవడది. తీసేస్తె జాకిట్టు ఇంక నీటుగ ఉంటది. గని రేపు మనిషి ఎట్లుంటదో మనకేం ఎరుక?"

ఇరవై రెండేళ్ల నా ఉద్యోగాన్ని ఆమె నాలుగు మాటల్లో చెప్పేసింది.

సుభద్ర లోపలికి వెళ్లి జాకెట్టు తొడుక్కుని చూసుకుని వచ్చింది. ముఖం చిన్నబోయింది. చేతుల దగ్గర పట్టేసింది. పాత కొలత అది. ఆద్య వదిలేసిన టోస్టులన్నీ తిన్న మనిషి ఇప్పుడు ఆ కొలతలో లేదు.

"అయ్యో, నేనే లావయ్యానండీ" అంది.

"అయితెనేం" అంది భాగ్యమ్మ. జాకెట్టు విప్పించి, తిరగేసి, మా సోఫా మీద మనవరాలి పక్కన కూర్చుని, సంచిలోంచి సూదీ దారం తీసింది. కుట్టు విప్పి, లోపల వదిలిన గుడ్డ బయటికి లాగి, మళ్లీ కుట్టింది. మేం టీ తాగడం పూర్తయ్యేలోపు అయిపోయింది.

ఈసారి సరిపోయింది.